మండలిని తిట్టేముందు రోశయ్య గారిని తలుచుకోండి

సంపాదకులు గారికి,

శాసనమండలి మాట వస్తే చాలు, ‘రాజకీయ పునరావాస కేంద్రం’ అని తీసిపారేయడం అందరికీ అలవాటైపోయింది. ఓడినవాళ్లకీ, టికెట్ దక్కక అలిగినవాళ్లకీ పార్టీలు ఎమ్మెల్సీ పదవి పంచుతుంటే ఆ పేరు రాకేం చేస్తుంది? అయినా గుంటూరు వాళ్లం ఆ మాట అనేముందు కాస్త ఆగాలి. వేమూరులో పుట్టిన కొణిజేటి రోశయ్య మనవాడే. (వేమూరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో కలిసిందనుకోండి.)

ఇక్కడి హిందూ కళాశాలలో కామర్స్ చదివి, రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారి దగ్గర రాజకీయం నేర్చుకున్న ఆయన 1968లో తొలిసారి అడుగుపెట్టింది మండలిలోనే. 1974లో, 1980లో కూడా అక్కడికే. చీరాల నుంచి 1989లో, 2004లో శాసనసభకు గెలిచారు. నరసరావుపేట నుంచి 1998లో లోక్‌సభకు వెళితే ఆ సభ ఏడాది తిరిగేసరికి రద్దయింది. 2009లో మళ్లీ మండలి. ఆ సెప్టెంబరులో వైఎస్ హఠాత్తుగా పోతే ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చోబెట్టింది ఈ ఎమ్మెల్సీనే. నెల తిరిగేసరికి కృష్ణకు వరద, ప్రకాశం బ్యారేజీకి సుమారు 11 లక్షల క్యూసెక్కులు. డిసెంబరులో తెలంగాణ ప్రకటన, వెనకే రాజీనామాలు. 2010 నవంబరు దాకా ఎలాగో నెట్టుకొచ్చారు.

ముఖ్యమంత్రిగా ఆయన్ని పొగడటానికి రాయడం లేదు. నాకు కావలసింది 16 బడ్జెట్లు, అందులో 7 వరుసగా పెట్టిన ఆర్థికమంత్రి. నేను ఖజానా శాఖలో గుమస్తాగా చేరి అందులోనే రిటైరయ్యాను. మార్చి నెలాఖరు మాకు జాగారమే. కౌంటరు బయట బిల్లుల కట్టలతో ఆఫీసుల వాళ్లు, లోపల ‘ఏ పద్దు (ఖర్చు రాసే ఖాతా)? నిధులున్నాయా?’ అంటూ మేము. పద్దు నంబరులో ఒక్క అంకె తప్పితే బిల్లు వెనక్కి పోయేది. అలాంటి పద్దుల గొడవని పంచె కట్టిన ఆ పెద్దాయన సభలో మన ఊరి మాటల్లో విడమరిచి చెబుతుంటే చేతిలో పని ఆపి వినేవాళ్లం. ప్రతిపక్షం మీద చురక వేస్తే తగిలినవాళ్లూ నవ్వేవారు.

మండలి సంగతికొస్తే ఎవరూ తక్కువ తినలేదు. 1985లో ఎన్టీఆర్ తీసేశారు, 2007లో వైఎస్ తెచ్చారు. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లులు మండలిలో ఆగి సెలెక్ట్ కమిటీ (బిల్లును పరిశీలించే సభ్యుల బృందం) దారి పట్టగానే జగన్ ప్రభుత్వం రద్దు తీర్మానం చేసింది, 2021 నవంబరులో తనే వెనక్కి తీసుకుంది. బలం లేనప్పుడు దండగ, బలం వచ్చాక పండగ!

58 మందిలో ఎమ్మెల్యేలు ఎన్నుకునే 20 మంది, గవర్నరు నియమించే 8 మంది పార్టీ పెద్దలు ఎవరిని అనుకుంటే వాళ్లే. అందులో నలుగురైదుగురు లెక్క చదవగలవాళ్లను పంపితే ఏం పోయింది? పద్దుల మీద ఓటు మండలికి లేదు గాని బడ్జెట్‌ను చర్చించే హక్కు ఉంది.

మీకు ఒక మనవి. ఈసారి బడ్జెట్ సమావేశాలు ముగిశాక వెలగపూడిలో ఏ ఎమ్మెల్సీ ఏ పద్దు గురించి ఏం అడిగారో ఒక పేజీ వేయండి. వాకౌట్లు, పోడియం దగ్గర నినాదాలు టీవీలో ఎటూ చూస్తున్నాం. కృష్ణా-గుంటూరు పట్టభద్రుల ఓటరుగా నాకు ఆ పేజీతో పనుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఖజానా ఉద్యోగి,
బ్రాడీపేట, గుంటూరు