ముందు బరువు తగ్గి రావాల్సిన పనిలేదు: హాట్ యోగా కొత్త బ్యాచ్ గురించి

మా స్టూడియోకు వస్తున్నవాళ్లందరికీ నమస్కారం. ఫోన్ చేసి వివరాలన్నీ అడిగి, ఆ తర్వాత రాకుండా ఆగిపోయినవాళ్లకు కూడా.

మాకు వచ్చే ఫోన్లలో రెండు మాటలు పదే పదే వినిపిస్తుంటాయి. ఒకటి, "ముందు కాస్త బరువు తగ్గి అప్పుడు చేరతానండీ." రెండోది, "వంగితే నా చెయ్యి మోకాలు దాటదు, నాకు యోగా ఏం వస్తుంది?" ఈ మాటలు అన్నవాళ్ల కోసమే వచ్చే నెల నుంచి విడిగా ఒక బ్యాచ్ మొదలుపెడుతున్నాం. అందులో ఏం ఉంటుందో, మేము ఏ విషయంలో మాట ఇవ్వగలమో, ఏ విషయంలో ఇవ్వలేమో ఉన్నదున్నట్టు చెబుతాను. చదివి, మీకు సరిపడుతుందనిపిస్తేనే రండి.

ముందుగా వేడి సంగతి. హాట్ యోగా అంటే వేడి చేసిన గదిలో చేసే యోగా. ఆ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది బిక్రమ్ చౌదరి అనే యోగా గురువు పద్ధతి. 26 ఆసనాలు, రెండు శ్వాస అభ్యాసాలు, 90 నిమిషాలు, గదిలో సుమారు 40 డిగ్రీల సెల్సియస్ వేడి, 40 శాతం తేమ. మా పాత బ్యాచ్‌లు ఇంచుమించు ఇదే పద్ధతిలో నడుస్తున్నాయి, ఇకముందు కూడా అలాగే నడుస్తాయి. కొత్త బ్యాచ్ మాత్రం గంటే. మొదట్లో గది 32 డిగ్రీల దగ్గర ఉంటుంది. తర్వాత మెల్లగా 35 వరకు తీసుకెళ్తాం, అంతకుమించి పెంచం. ఆసనాల వరుస కూడా మార్చాం, నిలబడి చేసేవి తగ్గించి మధ్యలో కూర్చునేవి కలిపాం.

"అంత తక్కువ వేడిలో చేస్తే అది హాట్ యోగా ఎలా అవుతుంది?" అని మా పాత కస్టమర్లు కొందరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు కొంచెం వివరంగా చెప్పాలి.

చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు. ఆ చెమట ఆరితేనే చల్లబడుతుంది. గదిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరకుండా ధారలుగా కారి మ్యాట్ మీద పడుతుంది, దానివల్ల ఒంటికి ఒరిగేదేమీ లేదు. ఇది అందరికీ వర్తిస్తుంది. బరువున్నవాళ్ల విషయంలో ఇంకో రెండు సంగతులు తోడవుతాయి. ఒక ఆసనంలోకి వెళ్లి నిలబడడానికి వాళ్ల కండరాలు ఎక్కువ బరువు మోయాలి, అందుకని లోపల ఎక్కువ వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోవాల్సింది చర్మం గుండా, కానీ ఒంటి బరువు పెరిగినంతగా చర్మం వైశాల్యం పెరగదు. పైగా చర్మం కింది కొవ్వు పొర వేడిని త్వరగా బయటికి పోనివ్వదు. అంటే ఒకే గదిలో, ఒకే ఆసనం వేస్తున్న ఇద్దరిలో బరువున్న మనిషి ఒంట్లో వేడి ముందుగా పెరుగుతుంది. అలాంటివాళ్లు పదిహేను నిమిషాలకే ఆయాసపడి కూర్చుంటే పక్కనున్నవాళ్లు "ఓపిక లేదు" అనుకుంటారు, వాళ్లు కూడా తమ గురించి అదే అనుకుంటారు. ఈ మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఓపిక లేకపోవడం కాదది, ఆ ఒంటి మీద పడుతున్న భారం ఎక్కువ.

అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ అనే సంస్థ 2015లో ఒక పరిశీలన చేయించింది. ఈ యోగాకు బాగా అలవాటుపడిన ఆరోగ్యవంతులనే తీసుకుని, 90 నిమిషాల క్లాసు జరుగుతుండగా వాళ్ల ఒంటి లోపలి ఉష్ణోగ్రత కొలిచారు. కొందరిలో అది 103 ఫారెన్‌హీట్ దాటింది. అలవాటున్నవాళ్ల సంగతే అలా ఉంటే, ఎన్నో ఏళ్ల తర్వాత ఒళ్లు వంచుతున్న మనిషిని మొదటి రోజే ఆ గదిలో నిలబెట్టడానికి నాకు మనసొప్పదు.

ఇంతకీ ఆ వేడి అంత అవసరమా? 2018లో వచ్చిన ఒక అధ్యయనం ఈ విషయంలో నా అభిప్రాయానికి బలమిచ్చింది. టెక్సస్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకురాలు స్టేసీ హంటర్ బృందం మధ్యవయసువాళ్లతో 12 వారాలపాటు ఇవే ఆసనాలు చేయించింది, కొందరితో వేడి గదిలో, కొందరితో మామూలు గదిలో. రక్తనాళాల పనితీరు రెండు చోట్లా మెరుగుపడింది. అంటే మేలు చేస్తున్నది ప్రధానంగా ఆసనాలే. మరి వేడి పెట్టడం దేనికి అంటారా? బిగుసుకుపోయిన ఒంటికి వెచ్చని గదిలో కదలిక సుఖంగా ఉంటుంది. నడుము పట్టేసినవాళ్లకు మొదటి కొన్ని నిమిషాల భయం పోతుంది. ఆ వెచ్చదనం చాలామందికి నచ్చుతుంది, నచ్చినదాన్ని మనిషి మానకుండా చేస్తాడు. నా దృష్టిలో అదే పెద్ద లాభం. దానికి 35 డిగ్రీలు సరిపోతాయి.

వేడికి ఒళ్లు అలవాటుపడుతుంది కూడా. ఒకటి రెండు వారాలు వెంట వెంటనే వస్తుంటే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది, అదే పనికి గుండె వేగం కాస్త తగ్గుతుంది. అందుకే మొదటి రెండు వారాలు ఎక్కువ గ్యాప్ ఇవ్వకుండా రమ్మని అడుగుతాం. మధ్యలో కొన్ని వారాలు మానేస్తే ఈ అలవాటు పోతుంది. అప్పుడు మళ్లీ తక్కువ వేడి నుంచే మొదలుపెట్టాలి.

ఇక బరువు. మా బోర్డు మీద "ఇన్ని వారాల్లో ఇన్ని కిలోలు" అనే మాట మీకు కనిపించదు. పెట్టమని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు, పెడితే జనం ఎక్కువగా వస్తారని కూడా తెలుసు. కానీ ఆ మాట నిలబడదు. క్లాసుకు ముందు, తర్వాత తూకం చూసుకుంటే ఒక కిలో తగ్గినట్టు కనిపించవచ్చు. లీటరు చెమట పోతే తూకంలో కిలో తగ్గుతుంది, నీళ్లు తాగగానే మళ్లీ వస్తుంది. క్లాసుకు వెయ్యి కేలరీలు కరుగుతాయని ప్రచారం చేస్తుంటారు. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో కొలిచి చూస్తే, 90 నిమిషాల క్లాసులో మగవాళ్లకు సగటున 460, ఆడవాళ్లకు 330 కేలరీల దగ్గర తేలింది. వేగంగా నడిస్తే ఖర్చయ్యేది కూడా ఇంచుమించు అంతే. కాబట్టి కేవలం బరువు కోసమే అయితే మా దగ్గరికి రానక్కర్లేదు. నేల మీద కూర్చుని లేవడం, మెట్లెక్కేటప్పుడు మోకాలి మీద నమ్మకం, ఒంటికాలి మీద నిలబడగలగడం, రాత్రి నిద్ర, వీటి కోసం రండి. ఇవి మారడం నేను కళ్లారా చూస్తున్నాను.

వంగకపోవడం గురించి ఒక విషయం అందరికీ తెలియాలి. ఈమధ్య ట్రయల్ క్లాసుకు ఒకావిడ వచ్చారు. పవనముక్తాసనంలో వెల్లకిలా పడుకుని మోకాలిని ఛాతీ వైపు లాక్కోవాలి. ఆవిడ రెండు చేతులతో ఎంత లాగినా మోకాలు సగం దూరంలోనే ఆగిపోయింది, మెడ బిగుసుకుంది, ముఖం ఎర్రబడింది. "చూశారా, నా ఒళ్లు అస్సలు వంగదండీ" అన్నారు. మా టీచర్ ఆవిడ మోకాలిని ఛాతీకి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి, చంక వైపు తిప్పారు. తొడ వెనకాల ఒక స్ట్రాప్ వేసి రెండు చివర్లూ ఆవిడ చేతికిచ్చారు. మోకాలు ఏ ఇబ్బందీ లేకుండా పక్కటెముకల పక్కకు వచ్చేసింది. ఆవిడ తల ఎత్తి మోకాలి వైపు చూసి, కాసేపు మాట్లాడలేదు. ఆవిడ తుంటి కీలు చక్కగా కదులుతోంది. దారిలో పొట్ట అడ్డం వచ్చింది, అంతే.

తమ ఒళ్లు వంగదనుకునేవాళ్లలో చాలామంది పరిస్థితి ఇదే. కండరం బిగుసుకుపోవడం వేరు, పొట్టో తొడో అడ్డం రావడం వేరు. మొదటిదానికి సమయం కావాలి. రెండోదానికి దారి మార్చుకుంటే చాలు, అదీ మొదటి రోజే. ముందుకు వంగేటప్పుడు పాదాలు దగ్గర పెట్టుకుంటే పొట్ట తొడలకు ఆని ఊపిరి ఆడదు. పాదాలు తుంటికన్నా ఎడంగా పెట్టి, మోకాళ్లు కాస్త వంచి, చేతులు బ్లాకుల (ఇటుకల్లాంటి దిమ్మెల) మీద ఆనిస్తే వెన్ను హాయిగా సాగుతుంది. గరుడాసనంలో కాలికి కాలు మెలివేయడం కుదరకపోతే, పై కాలి వేళ్లను పక్కన నేలకు ఆనిస్తే సరిపోతుంది. మోకాళ్ల మీద నిలబడి వెనక్కి వంగే ఉష్ట్రాసనంలో చేతులు మడమల దాకా పోనక్కర్లేదు, నడుము మీదే ఉంచి ఛాతీ పైకెత్తండి. బోర్లా పడుకునే ఆసనాల్లో ఊపిరి ఇబ్బందయ్యేవాళ్లకు భుజంగాసనం గోడకు ఎదురుగా నిలబడి చేయిస్తాం. మోకాళ్ల మీద ఉండేవాటికి దుప్పటి నాలుగు మడతలు వేసి ఇస్తాం. ఇవన్నీ అసలు ఆసనాలే. ఎవరైనా వీటిని "రానివాళ్లు చేసేవి" అంటే మా క్లాసులో ఒప్పుకోం.

వేడి గదిలో ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఒళ్లు వెచ్చబడినప్పుడు నిజంగా ఉన్నదానికన్నా ఎక్కువ వంగగలమనిపిస్తుంది, సాగుతున్నప్పుడు రావాల్సిన నొప్పి కూడా తగ్గుతుంది. ఆ ఊపులో చివరిదాకా లాగితే దెబ్బ తగిలిన సంగతి మర్నాడు గానీ తెలియదు. ముఖ్యంగా పిరుదు కింద, తొడ వెనక కండరం ఎముకకు అతుక్కునే చోట సూదితో పొడిచినట్టుంటే వెంటనే ఆపేయండి. ఇంకాస్త వంగగలననిపించినా ఆ కాస్తా వదిలేయడమే మా బ్యాచ్‌లో పద్ధతి.

ఎవరూ బయటికి మాట్లాడని విషయం ఇంకొకటుంది. చెమటలో తొడలు రాసుకుని ఒరుసుకుపోతాయి. అరికాళ్లు జారతాయి. పొట్ట మడతల్లో, రొమ్ముల కింద తడి నిలిచిపోతే దురద, ఫంగస్ వస్తాయి. పొట్టి నిక్కర్లు కాకుండా చీలమండ దాకా వచ్చే, ఒంటికి అతుక్కునే ప్యాంటు వేసుకోండి. మ్యాట్ మీద పరుచుకోవడానికి ఒక టవల్, తుడుచుకోవడానికి ఇంకొకటి తెచ్చుకోండి. క్లాసు అయ్యాక తడి బట్టలతో ఇంటికి వెళ్లకండి. స్నానాల గది పక్కనే బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న గదులు పెట్టించాం, మడతల్లో పూర్తిగా తడి ఆరేదాకా తీరిగ్గా ఉండండి. అద్దాల విషయానికొస్తే, ఈ బ్యాచ్ జరిగేటప్పుడు వాటికి తెర వేసే ఉంటుంది. మీరు అడిగితే తెర తీస్తాం.

ఆరోగ్యం విషయంలో మాత్రం మొహమాటపడకండి, మేము కూడా మొహమాటపడం. గర్భిణులను, ఇంతకుముందు వడదెబ్బ తగిలినవాళ్లను ఈ బ్యాచ్‌లో చేర్చుకోం. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు డాక్టరు రాసిచ్చిన కాగితంతో రావాలి. నీరు పోవడానికి వాడే మాత్రలు, బీపీకీ గుండెకూ వాడే బీటా బ్లాకర్లు, కొన్ని రకాల ఎలర్జీ మందులు, డిప్రెషన్ మందులు ఒళ్లు వేడిని తట్టుకునే తీరును మార్చేస్తాయి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు వేడిలో అది రక్తంలోకి త్వరగా చేరి షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. ఇన్సులిన్‌ను వేడి గదిలోకి తేవద్దు, బయట చల్లగా పెట్టడానికి మేము చోటు చూపిస్తాం.

తల తిరగడం, వికారం, చలి పుట్టి రోమాలు నిక్కబొడుచుకోవడం, ఉన్నట్టుండి చెమట ఆగిపోవడం, మాట తడబడడం, వీటిలో ఏది కనిపించినా లేచి బయటికి వచ్చేయండి, లేదా చెయ్యెత్తండి. కొన్ని చోట్ల క్లాసు అయ్యేదాకా గది వదలకూడదని నియమం పెడతారు. మా దగ్గర ఆ నియమం లేదు. బయట చల్లటి వరండాలో ఒక మనిషి ఎప్పుడూ ఉంటారు. నీళ్లు కూడా ఎప్పుడు కావాలంటే అప్పుడు తాగొచ్చు, కాకపోతే గుక్కగుక్కగా తాగండి. లీటర్లకొద్దీ ఉత్త నీళ్లు ఒకేసారి తాగితే రక్తంలో సోడియం పలచబడి అదొక ప్రమాదం. బాగా చెమట పోయిన రోజు ఒంట్లోకి కాస్త ఉప్పు కూడా వెళ్లాలి. బీపీకి ఉప్పు తగ్గించమన్నవాళ్లు ఈ సంగతి డాక్టరును అడిగి రండి.

వ్యాపారం సంగతి కూడా చెప్పేస్తాను. ఈ బ్యాచ్‌లో మ్యాట్‌కూ మ్యాట్‌కూ మధ్య ఎక్కువ దూరం ఉంచుతున్నాం, ఇద్దరు టీచర్లు ఉంటారు. అందువల్ల మామూలు బ్యాచ్ కన్నా తక్కువ మందే పడతారు, మాకు మిగిలేది కూడా తక్కువే. ఫీజు మాత్రం పెంచడం లేదు. కొత్తవాళ్లకు ఏడాది ప్యాకేజీ కూడా అమ్మం. మొదట ఒక క్లాసు చేసి చూడండి, కుదిరితే నెలకు కట్టండి. ఒంటికి పడలేదని మొదటి వారంలోనే మానేస్తే మిగిలిన డబ్బు తిరిగి ఇస్తాం.

మొదటి రోజు అరగంట ముందు రండి. తిన్న తర్వాత కనీసం రెండు గంటలు గడిచి ఉండాలి. మీరు వాడే మందుల చీటీ వెంట తెచ్చుకోండి, టీచరు మీతో విడిగా కూర్చుని చూస్తారు. కుర్చీలో కూర్చుని చేస్తామన్నా, తలుపు పక్కన చోటు కావాలన్నా పేరు నమోదు చేసుకునేటప్పుడే చెప్పండి, మీ పేరు మీద రాసిపెడతాం.