సీసీ చూసి ట్యాక్స్ వేస్తారు, లైసెన్స్‌కి మాత్రం ఏదీ చూడరు

సంపాదకుడు గారికి నమస్కారం.

2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బండ్లకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, సంతోషమే, కానీ ఆ గీత దాటినవాటికి సెస్‌తో కలిపి 31 ఉండేది ఏకంగా 40 చేసి కూర్చున్నారు. సీసీ ఎక్కువైతే డబ్బున్నోళ్ళ బండి, రయ్యిమని పోయే బండి అని లెక్క కాబోలు.

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650నే చూడండి. 648 సీసీ, రెండు సిలిండర్లు, పవర్ 47 బీహెచ్‌పీ. యమహా ఆర్3 కూడా రెండు సిలిండర్లదే, 321 సీసీ అంటే దీంట్లో సగం కూడా లేదు, పవర్ మాత్రం 41. ఎలాగంటే దాని ఇంజన్ 10,750 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) దాకా గింగిరాలు తిరిగి ఆ పవర్ తీస్తుంది, మన 650 ఏడు వేల చిల్లరకే ఇచ్చేస్తుంది. ఇలాంటి రెట్రో (పాతకాలం స్టైల్) బండ్లలో ఆ పెద్ద ఇంజన్ అంతా టార్క్ కోసం, అంటే లాగే బలం కోసం, 52 న్యూటన్ మీటర్లు, ఆర్3కి 30 కూడా రావు. మా ఫ్రెండ్ 650 మీద ఇద్దరం సామానుతో మారేడుమిల్లి ఘాట్ ఎక్కాం, గేర్లతో కుస్తీ పట్టే పనే పడలేదు, ఇంజన్ అరవనూ లేదు (వెనక సీటు సంగతి మాత్రం అడక్కండి). మరి రేసు బండిలా ఉండే ఆర్3కి 18 శాతం, నింపాదిగా పోయే దీనికి 40, ఇదేం లెక్కండీ?

అదే 40లో 1200 సీసీ ట్రయంఫ్ బోనెవిల్ టీ120 కూడా ఉంది, చూడ్డానికి మన 650, అదీ అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ దాని పవర్ 80 దాకా ఉంటుంది.

ఇంకో విషయం. నేను లైసెన్స్ టెస్ట్ పాసైంది 100 సీసీ బండి మీద ఎనిమిది అంకె వేసి, అదే కార్డుతో రేపు పొద్దున్నే ఆ బోనెవిల్ వేసుకుని హైవే ఎక్కొచ్చు, అడిగేవాడే లేడు. యూరప్‌లో ఏ2 లైసెన్స్ అని ఉంది, 35 కిలోవాట్లు దాటిన బండి దాంతో నడపకూడదు, అంటే సరిగ్గా ఆ 47 బీహెచ్‌పీ దగ్గరే గీత, సీసీ ఎంతైనా వాళ్ళకి అనవసరం.

ట్యాక్స్ వెయ్యాలంటే బండి రేటు చూసి వెయ్యండి, భయం స్పీడ్ గురించైతే బీహెచ్‌పీ చూసి వేరే టెస్ట్ పెట్టండి, నేను కూడా మళ్ళీ వచ్చి రాస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజమండ్రి