‘అర్థమైందా?’ అంటే అందరూ ‘అయ్యింది’ అంటారు

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం.

ఎస్‌.ఏ.-1 జవాబు పత్రాలు ఈ వారం ఇళ్లకు పంపించాం. ఎనిమిదో తరగతి గణితంలో సమీకరణాల లెక్క దగ్గర చాలామంది పిల్లలు ఒకే మెట్టు దగ్గర ఆగిపోయారు. ఆ పాఠం చెప్పిన రోజు టీచర్ “అర్థమైందా?” అని అడిగితే తరగతంతా ఒక్క గొంతుతో “అయ్యింది మేడమ్” అంది. “డౌట్లు ఉన్నాయా?” అంటే ఒక్క చెయ్యీ లేవలేదు. మార్కుల సంగతి తరగతి టీచర్లు మీతో మాట్లాడతారు. నేను ఆ లేవని చేతుల గురించి రాయాలనుకుంటున్నాను.

పిల్లలు అబద్ధం చెప్పాలని అలా అనలేదు. అర్థంకాని పిల్ల ముందు అటూ ఇటూ చూస్తుంది. ఎవరూ చెయ్యి ఎత్తలేదు కాబట్టి అందరికీ అర్థమైపోయిందని, తానొక్కతే వెనకబడిందని అనుకుంటుంది. పక్క బెంచీలో పిల్లాడూ సరిగ్గా అదే అనుకుంటున్నాడని ఆమెకు తెలియదు. డేల్ మిల్లర్, క్యాథీ మెక్‌ఫార్లండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1987లో కాలేజీ విద్యార్థుల మీద ఈ విషయమే పరిశీలించారు. తాను అడగకపోవడానికి కారణం మొహమాటమేనని ప్రతివాళ్లకూ తెలుసు. ఎదుటివాళ్లు అడగకపోతే మాత్రం వాళ్లకు అర్థమైపోయి ఉంటుందనుకున్నారు. మౌనం ఒక్కటే అయినా తనదానికి ఒక అర్థం, పక్కవాళ్లదానికి మరో అర్థం!

దీనికి ముందే, 1950ల మొదట్లో, అమెరికాలో సోలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. ఒక గీత చూపించి, దానికి సమానమైనది పక్కనున్న మూడు గీతల్లో ఏదో చెప్పమన్నారు. తేడా కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గదిలో ఉన్నవాళ్లలో ఒక్కరికే అసలు సంగతి తెలియదు, మిగతావాళ్లంతా యాష్‌తో ముందే మాట్లాడుకున్నవాళ్లు. వాళ్లు కొన్నిసార్లు కావాలనే ఒకే తప్పు జవాబు చెప్పేవారు. అలాంటి సందర్భాలు 12. వాటిలో కనీసం ఒక్కసారైనా గుంపుతో కలిసి తప్పు చెప్పినవాళ్లు దాదాపు నాలుగింట మూడు వంతుల మంది. ఎవరి ఒత్తిడీ లేనప్పుడు ఇదే పనిలో తప్పులు నూటికి ఒకటి కూడా లేవు.

ఈ ప్రయోగాన్ని చాలామంది “మనుషులంతా గొర్రెల మంద” అని చెప్పడానికి వాడుకుంటారు. నేను ఒప్పుకోను. ఆ 12 సందర్భాల్లో వచ్చిన జవాబులన్నీ కలిపి చూస్తే దాదాపు మూడింట రెండు వంతులు సరైనవే. నాలుగో వంతు మంది ఒక్కసారి కూడా లొంగలేదు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి యాష్ ఆ తర్వాత చేసిన మార్పులు. ముందే మాట్లాడుకున్నవాళ్లలో ఒక్కరు సరైన జవాబు చెప్పినా చాలు, గుంపుకు లొంగడం అంతకుముందున్నదానిలో దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాసుకోనిచ్చినప్పుడు కూడా బాగా తగ్గింది. మనుషులు అవే మనుషులు, ధైర్యం కొత్తగా ఎవరూ నూరిపోయలేదు.

చిన్నపిల్లల్లోనూ ఇదే కనిపించింది. 2011లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో డానియల్ హౌన్, మైకేల్ టొమసెల్లో అనే పరిశోధకులు నాలుగేళ్ల పిల్లలకు బొమ్మల పుస్తకాలిచ్చి ఇలాంటి పరీక్షే పెట్టారు. పైకి చెప్పాల్సి వచ్చినప్పుడు చాలామంది కనీసం ఒక్కసారైనా తోటిపిల్లల తప్పు జవాబే చెప్పారు. ఎవరికీ తెలియకుండా వేలితో చూపించే వీలిచ్చినప్పుడు అలా చేసినవాళ్లు తగ్గారు. అంటే వాళ్లకు సరైనది తెలుసు. తెలిసింది నలుగురిలో చెప్పడమే కష్టమైంది.

అందుకే ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు పలకలు మళ్లీ తెచ్చాం. టీచర్ ప్రశ్న వేశాక అందరూ ముందు రాస్తారు, తర్వాత ఒక్కసారిగా తిప్పి చూపిస్తారు. పక్కవాడి పలక చూసి దిద్దుకునే వ్యవధి ఉండదు. మొదటి రోజే ఒకే లెక్కకు నాలుగైదు రకాల జవాబులు బయటపడ్డాయి. తరగతిలో నవ్వులు వినిపించాయి గానీ, ఒక్కర్ని చూసి నవ్వినవి కావు. “అర్థమైందా?” అనే ప్రశ్నను కూడా మానేస్తున్నాం. దాని బదులు “ఇందులో ఎక్కడ తికమకగా ఉంది?” అని అడుగుతున్నాం. అడిగాక ఆగుతున్నాం కూడా. మేరీ బడ్ రో అనే విద్యావేత్త 1970ల్లో తరగతి గదుల టేపులు విని, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించారు. దాన్ని మూడు సెకన్లు చేస్తే ఎక్కువ మంది నోరు విప్పారు, జవాబులూ పొడవయ్యాయి. మూడు సెకన్లు ఎంతసేపో టీచర్ కుర్చీలో కూర్చుంటేనే తెలుస్తుంది.

“మా బాబు ఇంట్లో గలగలా మాట్లాడతాడు మేడమ్, స్కూల్లో నోరే విప్పడట” అని కొందరు తల్లులు బాధపడుతుంటారు. 1965లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక మాట చెప్పారు: బాగా అలవాటైన పనిని జనం ముందు ఇంకా బాగా చేస్తాం, సగం సగం వచ్చినదాన్ని ఇంకా పాడు చేస్తాం. కాబట్టి చుట్టాలొచ్చినప్పుడు నిన్ననే నేర్చుకున్న పద్యం “ఏదీ, చెప్పు నాన్నా” అని నిలబెట్టకండి. బాగా నోటికి వచ్చిన పాత పద్యం చెప్పించండి. ఇక స్వతహాగా తక్కువ మాట్లాడే పిల్లలు కొందరుంటారు. అది జబ్బు కాదు, వాళ్లను మార్చాలన్న టెన్షన్ వద్దు.

ఆటస్థలం గురించి కూడా ఒక మాట. ఒకర్ని ఏడిపిస్తుంటే చుట్టూ నిలబడే పిల్లల్లో చాలామందికి అది నచ్చదు, కానీ ఎవరూ కదలరు. కెనడాలో బడి ఆటస్థలాల వీడియోలు పరిశీలించి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, తోటిపిల్లలెవరైనా కలగజేసుకున్నప్పుడు సగానికి పైగా సార్లు ఆ ఏడిపించడం పది సెకన్లలోనే ఆగిపోయిందని తేలింది. మీ పాప “నేనేం చేయలేదమ్మా, ఊరికే చూశాను” అంటే తిట్టకండి. ఈసారి వెళ్లి ఏడిపించబడుతున్న పిల్ల పక్కన నిలబడమని, లేదా వెంటనే టీచర్‌ను పిలవమని చెప్పండి.

నలుగురితో పాటు నారాయణ అనడంలో మంచీ ఉంది. ప్రార్థనలో వరుసలు, లైబ్రరీలో నిశ్శబ్దం, మధ్యాహ్నం భోజనం దగ్గర క్యూ, అన్నీ ఒకర్ని చూసి ఒకరు నేర్చుకున్నవే. పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు మాత్రం కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఇంకొన్ని నెలల్లో ఇంటర్ గ్రూపుల మాటలు మొదలవుతాయి. స్నేహితులంతా ఎంపీసీ అంటే మన పిల్లా అదే అంటుంది, పక్కింటివాళ్లూ అదే అడుగుతారు. ఆ మాటలు మొదలవకముందే తనకు ఇష్టమైన రెండు గ్రూపులు, ఎందుకిష్టమో కాగితం మీద రాయమనండి. మీరూ విడిగా రాయండి. ఆ తర్వాతే కూర్చుని మాట్లాడుకోండి.

వచ్చే నెల మూడో శనివారం ఉదయం 10 గంటలకు తల్లిదండ్రుల సమావేశం ఉంది. ప్రతిసారీ చివర్లో “ఏమైనా అడగాలా?” అంటే హాలు నిశ్శబ్దంగా ఉంటుంది, కాసేపటికి గేటు దగ్గర గుంపులు గుంపులుగా అసలు ప్రశ్నలన్నీ వినిపిస్తాయి. ఈసారి లోపలికి రాగానే మీ చేతికి ఒక చీటీ ఇస్తాం. నేను మాట్లాడటం మొదలుపెట్టకముందే మీ ప్రశ్న రాసి డబ్బాలో వేయండి. పేరు అక్కర్లేదు, మీ పిల్లల తరగతి రాస్తే చాలు. అన్నీ పైకి చదివి జవాబులు చెబుతాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు