పొక్కును పీకకండి స్వాములూ

ఎడిటర్ గారికి నమస్కారం.

హనుమాన్ మాల వేసుకుని కొండగట్టు అంజన్న గుడికి నడిచి పోయే స్వాముల ఫొటో ఏటా మీ పేపర్లో వేస్తారు. కాషాయం బట్టలు, జెండాలు, రోడ్డు పొడుగునా లైను, చూడ్డానికి బాగుంటుంది, కానీ మోకాళ్ల కింద ఏముందో అందులో ఎప్పుడూ కనపడదు. నేను రాసేది ఆ పాదాల గురించి.

రెండేళ్ల కింద చిన్న హనుమాన్ జయంతికి మా చిన్నాయనతో కరీంనగర్ నుంచి నడిచాను. ఏప్రిల్ ఎండ, ఒట్టి కాళ్లు. తారు కాలుతుంటే అందరం రోడ్డు అంచున తెల్ల గీత పట్టుకుని నడిచాం, అదొక్కటే కొంచెం నయం. గంగాధర దాటి రాత్రి ఆగిన చోట చూస్తే చిన్నాయన బొటనవేలి కింద రేగుపండంత పొక్కు. "ఏం గాదురా, పిన్నీసు పెట్టి పొడువు" అన్నాడు. అగ్గిపుల్లతో పిన్నీసు కాల్చి పొడిచాను, నీళ్లు పోయాక వేలాడుతున్న తోలు కూడా పీకేసి పసుపు అద్దాను. ఆయన కాలు కూడా వెనక్కి గుంజుకోలేదు. ఎంత ఓర్పో అనుకున్నా. ఓర్పు కాదు, 12 ఏళ్ల షుగర్, పాదానికి స్పర్శే లేదు. వారం తిరిగేసరికి కాలు వాసన వచ్చింది, ఆ తర్వాత రెండు నెలలు డ్రెస్సింగులు.

డ్రెస్సింగ్ చేసిన సిస్టర్ నన్ను బాగానే తిట్టింది. పొక్కు మీది తోలే దానికి పట్టీ, కింద కొత్త తోలు వచ్చేదాకా అదే కాపాడుతుంది, దాన్నెందుకు పీకావు అని. చిన్న పొక్కయితే ముట్టుకోకుండా సబ్బు నీళ్లతో కడిగి, తుడిచి, మెత్తటి గుడ్డ కడితే చాలట, చాలావరకు వారంలోపే ఎండిపోతుంది. అడుగు పెట్టలేనంత పెద్దదై నొప్పి పెడుతుంటే, స్పిరిట్‌తో తుడిచిన సూదితో అంచు దగ్గర చిన్న చిల్లు పెట్టి నీళ్లు పోనిచ్చి, తోలు మాత్రం అలాగే ఉంచి, వాజిలిన్ రాసి కట్టు కట్టాలి. గారెలాగా మధ్యలో చిల్లు చేసిన దూది చుట్టూ పెడితే బరువు పొక్కు మీద పడదు. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ఇదేదీ ఇంట్లో చేయొద్దు, డాక్టర్ దగ్గరికే పోవాలి. చీము, ఎరుపు పాకడం, జ్వరం ఉంటే ఎవరైనా సరే పోవాల్సిందే. వేడికి కాలి పొక్కితే ముందు 20 నిమిషాలు మామూలు నీళ్ల ధార, ఐసు వద్దు, పేస్టు అసలే వద్దు.

ఇంకొకటి. దారిలో జనం భక్తితో స్వాముల కాళ్ల మీద నీళ్లు పోస్తారు. పోయండి, కానీ తుడవడానికి ఒక గుడ్డ కూడా పెట్టండి. తడి పాదం మెత్తబడి రాపిడికి ఇంకా తొందరగా పొక్కుతుంది. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు ప్రాక్టీసు చేసే పిల్లలు తడి సాక్సులతో, నిన్న కొన్న బూట్లతో పరుగెత్తి మడమలు చీల్చుకునేదీ ఇందుకే. కొత్త బూట్లు కొన్నాళ్లు ఇంట్లో తొడిగి తిరగాలి, రాసుకునే చోట ముందే టేపు అంటించాలి.

నడక తెల్లవారుజామున, పొద్దు గూకినాక పెట్టుకోవాలని గురుస్వాములే చెప్పాలి. షుగర్ ఉన్న స్వామి చెప్పులు వేసుకుంటే తప్పు పట్టొద్దని కూడా వాళ్లే చెప్పాలి, మేం చెబితే ఎవరూ వినరు. మజ్జిగ, పులిహోర పెట్టే పుణ్యాత్ములు దారి పొడుగునా ఉన్నారు, ఆ టేబుల్ మీదే ఒక సబ్బు, స్పిరిట్ సీసా, దూది, బ్యాండేజ్ చుట్ట పెడితే పెద్ద ఖర్చేం కాదు. ఈసారి మా బ్యాచ్ తరఫున ఒక టేబుల్ మేమే పెడుతున్నాం.

చిన్నాయన మళ్లీ మాల వేస్తానంటున్నాడు. చిన్నమ్మ ఒక సైజు పెద్ద బూట్లు కొని తెచ్చి, రోజూ పొద్దున వాకిట్లో నడిపిస్తోంది, సాయంత్రం అద్దం పెట్టి పాదాల అడుగు చూస్తోంది. జయంతికి ఇంకా నెల ఉంది, ఈ ఉత్తరం ఇప్పుడే వేస్తే పనికొస్తుంది.

ఓ పాఠకుడు,
హనుమకొండ