గంప కింది రోగి గురించి మంత్రి గారికి ఒక ఉత్తరం

పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. మాది కోనసీమలో గోదావరి పాయ చుట్టుకున్న ఒక లంక. పెరట్లో ఆరు నాటుకోళ్లు ఉన్నాయి. వాటిలో ఎర్ర పెట్ట కార్తీక మాసంలో కాలు విరగ్గొట్టుకుంది. దాని కథే ఈ ఉత్తరం.

చేపల చెరువుల మీద కొంగలు వాలకుండా నైలాను దారాలు కడతారు. అలాంటి దారం ఒకటి తెగి మా కంచెకు చిక్కుకుంది. పెట్ట కాలు అందులో పడింది. గింజుకున్నకొద్దీ దారం బిగిసింది, పొలుసుల కాలు మధ్యలో విరిగింది. నేను చూసేసరికి వేళ్లు నల్లబడుతున్నాయి. చిన్న కత్తెరతో దారం తెంపి, కోడిని బుట్టలో పెట్టుకుని, పంటు మీద ఏరు దాటి ఒక పశువైద్య కేంద్రానికి వెళ్లాను.

అక్కడి ఉద్యోగి బుట్టలోకి తొంగిచూసి నవ్వారు. "కోడికి కట్టు ఏమిటమ్మా, పులుసు పెట్టుకోండి" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. బయట మూడు గేదెలు ఎదురుచూస్తున్నాయి. 1962కు ఫోను చేస్తే పశువుల అంబులెన్సు వస్తుందని నాకు తెలుసు. కానీ ఒక్క కోడి కోసం ఆ నంబరు నొక్కడానికి నాకే మొహమాటం అడ్డొచ్చింది.

చివరికి కట్టు కట్టింది ఎవరో చెబితే మీకు ఇబ్బందే. సంక్రాంతికి పుంజులను సిద్ధం చేసే మా ఊరి మనిషి. కోడిపందేలు 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరమని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ పందేలంటే నాకు గిట్టదు కూడా. అయినా కోడి కాలు తడిమి ఎముక ఎక్కడ విరిగిందో చెప్పగలిగిన మనిషి మా లంకలో ఆయన ఒక్కరే. కొబ్బరి ఈనెను రెండుగా చీల్చి, కింద దూది పరిచి, గుడ్డ పట్టీతో చుట్టారు. వేళ్లు చల్లబడినా, రంగు మారినా కట్టు వదులు చేయమన్నారు. మనుషుల నొప్పి మాత్రలు మాత్రం వేయొద్దన్నారు.

తర్వాతి మూడు వారాలు నా వంతు. ఎర్రగా ఏది కనిపించినా తోటి కోళ్లు పొడుస్తాయి కాబట్టి దాన్ని వేరే గంప కింద మూశాను. రోజూ పొడి గడ్డి మార్చాను. నూకలు, తవుడు ముద్ద, నీళ్ల చిప్ప ముక్కుకు అందేలా పెట్టాను. కాలు కాస్త వంకరగా అతుక్కుంది. కుంటుతూనే పురుగుల కోసం పెరడంతా కెలుకుతోంది.

అయ్యా, కుంటే ప్రతి కోడికీ దెబ్బ తగిలినట్టు కాదు. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాచి పడిపోతే అది కోళ్ల నరాలను దెబ్బతీసే మారెక్స్ వ్యాధి కావచ్చు. అరికాలు ఉబ్బి మధ్యలో నల్లటి పక్కు కడితే లోపల చీము ఉండవచ్చు. పందెం మనిషికి దెబ్బలు తెలుసు, రోగాలు తెలియవు. మాకు కావలసింది ఈ తేడా చెప్పగలిగే కన్ను.

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు చుట్టూ కిలోమీటరు మేర వ్యాధి ప్రాంతం, పది కిలోమీటర్ల వరకు నిఘా ప్రాంతం అన్నారు. తప్పని పనే, కాదనను. కోడి వల్ల మనకు ప్రమాదం ఉందంటే పెరటి కోడి కూడా లెక్కలోకి వస్తుంది. కోడికే ప్రమాదం జరిగితే మాత్రం అది పులుసు. ఆ గుడ్ల డబ్బుతో పిల్లల నోటు పుస్తకాలు కొనే ఆడవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు.

నేను ఆసుపత్రి కట్టమనడం లేదు. రైతు సేవా కేంద్రాల్లోని పశుసంవర్ధక సహాయకులకు కోడి కాలికి కట్టు కట్టడం, మారెక్స్‌ను గుర్తుపట్టడం నేర్పించండి. ఒక్క కోడిని తెచ్చినా చూడాలని రాతపూర్వకంగా చెప్పండి. 1962కు కోడి కోసం ఫోను చేయవచ్చో లేదో ఊరి గోడ మీద రాయించండి. మా మొహమాటం తీరుతుంది.

ఎర్ర పెట్ట నిన్న పదకొండు గుడ్ల మీద పొదగడానికి కూర్చుంది. పిల్లలు లేవడానికి ఇరవై ఒక్క రోజులు పడుతుంది. ఆలోగా మీ నుంచి జవాబు వస్తుందని చూస్తుంటాను.

ఇట్లు,
ఆరు కోళ్ల యజమానురాలు,
కోనసీమ లంక గ్రామం