డ్రిప్ మూసుకుపోతాంటే ఇది చూడండన్నా

అన్నలూ, మన పలమనేరు సైడ్ బోరు నీళ్ళల్లో సున్నం ఎక్కువ గదా, డ్రిప్పర్ల మూతికి తెల్లగా పట్టేసి టమాటాకి ఒక చెట్టుకి నీళ్ళు పోతే ఇంకోదానికి పోవు, దానికి పైపులు మార్చేయబళ్ళేదు, యాసిడ్ ట్రీట్‌మెంట్ చాలు. హైడ్రోక్లోరిక్ యాసిడ్ వెంచురీలో (మందుని పైపు నీళ్ళల్లోకి పీల్చే గొట్టం) వదిలి, చివరి డ్రిప్పర్ దగ్గర పీహెచ్ (నీళ్ళ పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 వచ్చేదాకా పోనిచ్చి మోటారు ఆపేసి, ఒకరోజు అట్లే పెట్టి, లేటరల్ పైపుల (చెట్ల వరసలెంబడి పోయే సన్న పైపులు) ఎండ్ క్యాపులు తీసి బాగా కడిగేయండి. నీళ్ళల్లోకే యాసిడ్ పోయాల, యాసిడ్‌లోకి నీళ్ళు పోయొద్దు, మొహమ్మీదికి ఎగురుతుంది, గ్లౌజులు, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోవద్దండి. బ్లీచింగ్‌తో అసలు కలపొద్దు, విషం గ్యాస్ వస్తాది!

పాచి, నాచు అయితే యాసిడ్‌తో పోదు, దానికి క్లోరిన్ వేరేరోజు ఇయ్యాల. పైపుకి మ్యాగ్నెట్ కడితే ఉప్పు పోతుందని ఎవరన్నా వస్తే దుడ్లు ఇచ్చేముందు మ్యాగ్నెట్‌కి రెండు పక్కలా ఈసీ (నీళ్ళల్లో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) చూపించమనండి, ఉప్పు యాడికీ పోదు. ఫిల్టర్ మటుకు కడుగుతాండండప్పా.