నాన్నను అడిగావా?

డబ్లిన్,
2025 నవంబరు 9, ఆదివారం

అన్నయ్యకు,

గురువారం రాత్రి నువ్వు పంపిన మెసేజ్ నాలుగుసార్లు చదివాను. ఫోను చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. ఫోనులో అయితే నేను ఏడుస్తాను, నువ్వు కసురుతావు, మధ్యలో వదిన ఫోను అందుకుని పిల్లల చదువు సంగతి ఎత్తుతుంది. అసలు మాట అసలు మాటగానే మిగిలిపోతుంది. అందుకే కాగితం మీద రాసి ఫొటోలు తీసి పంపుతున్నాను. తీరిగ్గా చదువు. అప్పుడే నాన్నకు చూపించకు.

"మిషను మీద బతికే బతుకూ ఒక బతుకేనా? ఉన్న నాలుగు రోజులూ ఇంట్లో ప్రశాంతంగా ఉండనిద్దాం. డయాలసిస్ వద్దని డాక్టరుకు చెప్పేస్తాను" అని రాశావు. నాన్న కిడ్నీలు పాడయ్యాయి, రక్తాన్ని మిషనుతో శుభ్రం చేసే ఆ డయాలసిస్ ఇక మొదలుపెట్టాలని డాక్టరు అన్నందుకు నీ జవాబు అది. చెప్పడానికి నువ్వెవరివని నేను అడగను. ఇన్నేళ్ళూ నాన్నను కనిపెట్టుకుని ఉన్నది నువ్వు. నేను నెలకోసారి డబ్బు పంపి, రెండేళ్ళకోసారి వచ్చి చాక్లెట్లు పంచి వెళ్ళేదాన్ని. పైగా నీ చేత ఆ మాట అనిపించింది ఎవరో కూడా నాకు తెలుసు. చిన్నాన్న.

డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు తెల్లవారుజామున ఆయన్ను రైలెక్కించి విశాఖపట్నం తీసుకెళ్ళేవాడివి. దాదాపు 200 కిలోమీటర్లు పోను, మళ్ళీ అంతే రాను. తిరుగు ప్రయాణంలో జనరల్ పెట్టెలో కింద దుప్పటి పరిచి పడుకోబెట్టి, ఎవరూ తొక్కకుండా నువ్వు కాళ్ళు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడివట. "ఇక నన్ను వదిలేయండిరా" అని ఆయన అన్నది కూడా ఆ రైల్లోనే. నువ్వు ఆ మాట మరచిపోలేదు. కానీ అన్నయ్యా, చిన్నాన్న విసిగిపోయింది మిషనుతోనా, ఆ రైలుతోనా? చిన్నమ్మ గాజులు కుదువ పెట్టిన సంగతి ఆయనకు తెలిసింది కూడా ఆ రోజుల్లోనే. ఇప్పుడు పలాస దాకా వెళ్తే చాలు. 2023 డిసెంబరులో అక్కడ 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. ఖర్చుకు ఆరోగ్యశ్రీ ఉంది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు, డయాలసిస్ చేయించుకునేవాళ్ళకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. చిన్నాన్న పడిన బాధలో సగం ఆయన రక్తంలో లేదు, దారిలో ఉంది.

ఇక నా సంగతి. ఆరేళ్ళుగా ఈ డయాలసిస్ వార్డులోనే పనిచేస్తున్నాను కదా, రోగి ముఖం చూసి ఆయన ఎలా ఉన్నాడో చెప్పేయగలనని నాకొక గర్వం ఉండేది. అది ఎలా దిగిందో చెబుతాను.

సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం వచ్చేవాళ్ళలో ఒక పెద్దాయన ఉన్నాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. చక్కెర వ్యాధితో ఎడమకాలు మోకాలి కింద వరకు తీసేశారు. భార్య లేదు. అప్పుడప్పుడు మా దగ్గర ఒక ఫారం నింపిస్తారు. నడక, సొంత పనులు, రోజువారీ వ్యవహారాలు, నొప్పి, దిగులు అని ఐదు ప్రశ్నలుంటాయి. చివర థర్మామీటరులా నిలువుగీత ఉంటుంది. కింద సున్నా, పైన 100. ఈ రోజు మీ ఆరోగ్యం ఎక్కడుందో గీత మీద గుర్తు పెట్టాలి. కాగితం ఆయన చేతికిస్తూ నేను మనసులో 30 వేసేశాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, పెన్ను అటూ ఇటూ కదిపి, 75 దగ్గర గీత పెట్టాడు. పొరపాటున పెట్టాడేమోనని మళ్ళీ అడిగాను. "ఇంకా ఎక్కువే వేసేవాణ్ణి, కానీ నిన్న డబ్లిన్ జట్టు ఓడిపోయింది" అన్నాడు.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు, నేనూ అడిగాను. ఇక్కడివాళ్ళకు ఒక అలవాటుంది. ఎలా ఉన్నారంటే "గ్రాండ్" అంటారు. కాలు పోయినా గ్రాండే, ఇల్లు కాలినా గ్రాండే. మనవాళ్ళేమో దీనికి తలకిందులు. పెళ్ళి భోజనం చేసి తాంబూలం నములుతున్నవాణ్ణి అడిగినా "ఏదో, ఇలా ఉన్నాం" అంటాడు. మరి ఈయన 75 కూడా మర్యాద కోసం వేసిందేమో? ఆ అనుమానం తీరక కొంచెం చదివాను.

అమెరికాలో 2005లో వచ్చిన ఒక అధ్యయనం అచ్చంగా ఈ అనుమానం మీదే చేశారు. డయాలసిస్ మీద ఉన్న 49 మందికీ, వయసూ చదువూ వాళ్ళతో సరిపోయే 49 మంది ఆరోగ్యవంతులకూ అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్లు ఇచ్చారు. వారం పాటు అవి వేళాపాళా లేకుండా మోగుతుంటాయి. మోగినప్పుడల్లా ఆ క్షణంలో మనసు ఎలా ఉందో నొక్కాలి. తీరిగ్గా ఆలోచించి మర్యాదగా జవాబివ్వడానికి అందులో వీలు తక్కువ. చివరికి చూస్తే రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను "డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు ఎలా ఉంటారనుకుంటున్నారు" అని అడిగితే మాత్రం దుఃఖసముద్రాలు ఊహించారు. ఇంకో విచిత్రం, ఈ జబ్బే రాకపోతే ఎంత సుఖంగా ఉండేవాళ్ళమో అని రోగులు వేసుకున్న లెక్క కూడా తప్పింది. లేనిదాన్ని అందరమూ పెద్దది చేసి చూస్తాం కాబోలు.

వారానికి 168 గంటలు. మూడు రోజులు నాలుగేసి గంటల చొప్పున మిషనుకు పోయేవి 12. డయాలసిస్ అనగానే నీకూ నాకూ ఆ 12 గంటలే కళ్ళకు కడతాయి, తక్కినవి కనబడవు.

బెల్జియంలోని లీజ్‌లో ఇంకా గట్టి ప్రశ్నే వేశారు. ఒళ్ళంతా చచ్చుబడి, స్పృహ ఉండి, కళ్ళతో మాత్రమే మాట్లాడగలిగేవాళ్ళను అడిగారు. 2011లో అచ్చయింది. జవాబు చెప్పిన 65 మందిలో 47 మంది సంతోషంగానే ఉన్నామన్నారు, 18 మంది లేమన్నారు. నేను ఆ 47 కన్నా 18 దగ్గరే ఎక్కువసేపు ఆగాను. బయటికి వెళ్ళలేకపోవడం, సరదాకు ఏమీ లేకపోవడం, దిగులు, ఇవీ వాళ్ళ బాధలు. చాలావరకు పక్కనున్నవాళ్ళు తగ్గించగలిగినవే. అసలు జవాబే ఇవ్వనివాళ్ళు ఎలా ఉన్నారో ఆ లెక్కలో లేదు, అదీ గుర్తుంచుకోవాలి.

ఇంతకీ నువ్వూ నేనూ మాత్రమే ఈ లెక్కలు తప్పుతాం అనుకోకు. ప్రభుత్వాలదీ ఇదే వరస. 1993లో బ్రిటన్‌లో 3,000 మందికి పైగా మామూలు జనాన్ని కూర్చోబెట్టి, ఇలాంటి స్థితిలో ఉంటే ఎన్నేళ్ళ ఆయుష్షు వదులుకుంటారని అడిగి ఒక్కో స్థితికి విలువ కట్టారు. కొన్నిటికి సున్నా కన్నా తక్కువ వచ్చింది, అంటే చావే నయమని. ఆ విలువలతోనే ఏ మందుకు డబ్బు పెట్టాలో లెక్కలు వేస్తూ వచ్చారు. ప్రజల సొమ్ము కాబట్టి ప్రజలనే అడిగామంటారు. కావచ్చు. నాకైతే పెళ్ళికొడుకును వదిలేసి ఊరంతటినీ సంబంధం నచ్చిందా అని అడిగినట్టుంది.

ఈ డబ్లిన్‌లోనే, రాయల్ కాలేజీ ఆఫ్ సర్జన్స్‌లో కియరన్ ఓబాయిల్ అనే ఆయన బృందం ఇంకో దారి పట్టింది. 1992లో తుంటి మార్పిడి రోగుల మీద చేసి చూపించారు. మనం ప్రశ్నలు తయారుచేయకుండా, నీ బతుకులో ముఖ్యమైనవి ఐదు చెప్పమని రోగినే అడుగుతారు. ఒక్కోటీ ఇప్పుడు ఎలా సాగుతోందో ఆయనే మార్కులు వేస్తాడు. దేనికి ఎంత బరువో చెప్పడానికి తర్వాత ఒక చక్రం తయారుచేశారు. ఐదు రంగుల బిళ్ళలు ఒకదాని మీద ఒకటి, మధ్యలో ఒక చీల. తిప్పేకొద్దీ ఒక రంగు విచ్చుకుంటుంది, పక్కది సన్నబడుతుంది. నేను చేతి తొడుగుల అట్టపెట్టె కత్తిరించి, రంగు కాగితాలు అంటించి ఒకటి చేశాను. మన బస్సు పెద్దాయన కుడిచేత్తో చాలాసేపు తిప్పాడు. ఎడమచేతిలో సూదులున్నాయి కదా. ఆయన ఐదూ ఇవి: కుక్క, మనవరాలు, ఆదివారం మ్యాచ్, చెల్లెలితో టీ, గడ్డం తానే గీసుకోవడం. ఆరోగ్యం అన్నది ఆ జాబితాలోనే లేదు. చెల్లెలి రంగును బాగా వెడల్పు చేసి, నా వంక చూసి, మళ్ళీ కొంచెం తగ్గించాడు.

అలాగని ఇక్కడ అంతా పూలపాన్పు అని నీకు చెప్పను. మిషను దిగిన రోజు చాలామంది ఇంటికెళ్ళి పడుకోవడమే. పిక్కలు పట్టేస్తాయి, ఒళ్ళు దురద. అన్నిటికన్నా దాహం. రోజుకు తాగే నీళ్ళు కొలుచుకోవాలి, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం వస్తుంది. కొబ్బరినీళ్ళు వద్దనాలి, వాటిలో పొటాషియం ఎక్కువ, గుండెకు ముప్పు. మన కొబ్బరితోటల ఉద్దానంలో పుట్టినవాడికి ఈ మాట ఎలా చెబుతాం? మా వార్డులో సర్దుకోలేనివాళ్ళూ ఉన్నారు. ఒకామె అన్నీ తెలుసుకుని, పిల్లలతో మాట్లాడుకుని, డయాలసిస్ ఆపేయమంది. ఆపేశాం. ఆయాసానికీ నొప్పికీ మందులిస్తూ చివరిదాకా చూసుకున్నాం. అదీ ఆమె వేసుకున్న లెక్కే.

మొన్న నువ్వు పొలంలో ఉన్నప్పుడు నాన్నకు వీడియో కాల్ చేశాను, నీకు చెప్పలేదు. "నాన్నా, ఏయే పనులు జరిగితే రోజు బాగా గడిచిందనుకుంటావు? ఐదు చెప్పు" అన్నాను. "ఎందుకు, అమ్ముకుంటావా?" అని నవ్వాడు. తర్వాత వేళ్ళు ముడుస్తూ చెప్పాడు. తన కాళ్ళ మీద తోటకు వెళ్ళిరావడం. 2018లో తిత్లీ తుపానుకు పడిపోయిన చెట్ల చోట పెట్టిన మొక్కలు ఈ ఏడు గెల వేస్తున్నాయట, రెండో వరసలో మూడోది. నీకు చెప్పాడా? సాయంత్రం రామాలయం అరుగు మీద పేపరు చదివి వినిపించడం. మనవరాలి చేత ఎక్కాలు చెప్పించడం. అమ్మ చేతి చేపల పులుసు. ఐదో వేలు ముడవకుండా కాసేపు అలాగే ఉన్నాడు. "ఒకరి చేత స్నానం చేయించుకునే రోజు రాకూడదు" అన్నాడు. వందకు ఎన్ని మార్కులంటే, "అరవై వెయ్యి. వాన పడితే డెబ్బై."

కిడ్నీ జబ్బులు ఎక్కువైన మన ఊళ్ళో ఎదురుపడితే బాగున్నావా అనే బదులు క్రియాటినిన్ ఎంత అని, అంటే కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె అడిగి, పలకరించుకుంటాం కదా. నాన్న ఆ అంకె ఊసే ఎత్తలేదు.

డయాలసిస్ మాట మాత్రం నేనూ ఎత్తలేకపోయాను. అది నా పిరికితనం. ఆసుపత్రిలో ఆ డాక్టరు నాన్న పక్కన కూర్చుని ఉండగానే నీ వైపు తిరిగి "పెద్దాయనకు ఇక మొదలుపెట్టాలి" అన్నాడని నువ్వే రాశావు. కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే మనమిద్దరం చేస్తున్నదీ అదే.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం మీరు ముగ్గురూ ఇంట్లో ఉండండి, నేను ఫోను చేస్తాను. సూదులు, నీళ్ళ లెక్క, పలాస రాకపోకలు, మంచీ చెడూ నేనే చెబుతాను. నువ్వు మధ్యలో వద్దు అనకు, నేను చేయించుకో అనను. మూడు నెలలు చేసి చూసి, నచ్చకపోతే మానేయవచ్చని కూడా చెబుతాను. ఇక్కడ అలా చాలామంది చేస్తారు. అన్నీ విని ఆయన వద్దంటే నేను సెలవు పెట్టి వస్తాను, నీ పక్కనే ఉంటాను. ఆ మాట మీద నన్ను అనుమానించకు.

ఒక పని మాత్రం ఈ రోజు నుంచే. ఆయన ఔనన్నా కాదన్నా సరే, రక్తపరీక్షకు వచ్చే కుర్రాడిని నాన్న ఎడమ ముంజేతిలో సూది గుచ్చనివ్వకు. కుడిచేతి వెనకవైపు నుంచి తీసుకోమను. డయాలసిస్ చేయించుకుంటే ఎడమచేతిలో ధమనిని సిరతో కలిపి ఫిస్టులా పెడతారు, అది పక్వానికి రావడానికి ఆరు వారాలైనా పడుతుంది. పొడిచి పొడిచి పాడైన నరాలతో అది కుదరదు. కుదిరినప్పుడు దాని మీద వేలు పెడితే గుప్పిట్లో తుమ్మెదను పట్టుకున్నట్టు ఉంటుంది. వాచీ కూడా కుడిచేతికి మార్చమను. తిడతాడు, మార్పించు.

నీ చెల్లి